చిట్టెమ్మ షెడ్డు, నా ఆకాశరామన్న ఉత్తరం

చిట్టెమ్మకు చదువు రాదు. నాకు వచ్చు. ఈ కథలో జరిగిన అప్రాచ్యపు పనులన్నీ ఆ రెండో వాక్యం వల్ల జరిగినవే.

నా పేరు పరబ్రహ్మం. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఆఫీసులో ముప్ఫయ్యారేళ్లు కలం అరగదీసి, సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. దరఖాస్తు, అప్పీలు, సంజాయిషీ, ఏది కావాలన్నా ట్రాఫిక్ కాలనీ నుంచి నిమ్‌పురా దాకా ఉన్న తెలుగువాళ్లంతా నా దగ్గరికే వచ్చేవారు. నా డ్రాఫ్టులో కామా కదిపే మొనగాడు లేడని నాకు గర్వం. కాగితాన్ని ఎడమవైపు మూడోవంతు మడిచి మార్జిన్ తీస్తాను. పేరాలకు నంబర్లు వేస్తాను. పై మూలన చిల్లు పొడిచి, కొసలకు ఇనప మొనలున్న ఆకుపచ్చ ఫైలు ట్యాగు కడతాను. మా అమ్మాయి శ్రీవిద్య ఒకటో క్లాసులో జ్వరమొచ్చి బడి మానేస్తే, ఆ సెలవు చీటీ కూడా అలాగే రాశాను. విషయం, సూచిక, మూడు పేరాలు, ట్యాగు. టీచర్లందరూ దాన్ని చేతులు మార్చుకుంటూ నవ్వుకున్నారట. పిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చి చెప్పింది. పద్ధతి తెలియని వాళ్ల నవ్వుకి మనం ఏడవకూడదని చెప్పి పంపించాను.

ఇక చిట్టెమ్మ. రెండేళ్ల కిందటి దాకా నేను ఆవిడని ‘అది’ అనేవాణ్ణి. ఇప్పుడు ‘ఆవిడ’ అంటున్నాను. మా ఇంటావిడ కోటేశ్వరి ఈ మార్పు విన్నప్పుడల్లా మూతి మూడు వంకలు తిప్పుతుంది. తిప్పుకోనీ.

చిట్టెమ్మ నోరు గురించి చెప్పకుండా చిట్టెమ్మ గురించి చెప్పలేం. వర్క్‌షాపు సైరనైనా కాసేపు మోగి ఊరుకుంటుంది. ఈవిడ మొదలుపెడితే నాలుగు వీధుల అవతల కాకులు లేచిపోయేవి. తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే కలాసీ కూలీగా వచ్చాడు, తండ్రీ కలాసీయే. మొగుడు నూకరాజు వర్క్‌షాపులో పనిచేస్తూ కామెర్లొచ్చి పోయేనాటికి ఈవిడకి ఇరవయ్యారేళ్లు, చంకలో కొడుకు అమర్‌నాథ్. మొగుడి ఉద్యోగం పెళ్లానికి ఇప్పించమని అర్జీ రాసింది నేనే. అప్పటికి నేను గుమాస్తాగా చేరి ఆరు నెలలు కాలేదు. నా మొట్టమొదటి విజయం చిట్టెమ్మ. తరవాత ఆవిడ నాకు చేసిందంతా తలుచుకుంటే, ఆ అర్జీ కొంచెం అధ్వాన్నంగా రాయాల్సిందేమో అని కూడా అనిపిస్తుంది.

మోటార్లకు రాగితీగ చుట్టే సెక్షన్‌లో ఊడ్చే పని ఇచ్చారు. ఊడుస్తూ చూసింది. చూస్తూ నేర్చుకుంది. ఒకరోజు చుట్టే మనిషి రాకపోతే చీపురు గోడకి ఆనించి తనే కూర్చుని చుట్టేసింది. ఫోర్‌మన్ దాదా కోపంతో గంతులేశాడు. తీరా బల్బు పెట్టి పరీక్ష చేస్తే ఎక్కడా షార్టు లేదు. ఊడ్చే మనిషి మేస్త్రీ కావాలంటే ట్రేడ్ టెస్టు పాసవ్వాలి. రెండుసార్లు ఫెయిల్ చేశారు. మూడోసారి, జవాబులు రాసి చూపించమన్న ఆఫీసరుతో, “దాదా, మోటారికి సదువొచ్చేటి? దానికి నా పని అరదమైతే సాలు కదా!” అంది. బెంగాలీ, హిందీ, తెలుగు కలిపి అన్న ఆ మాట సెక్షన్ అంతా నవ్వుకునేసరికి ఆయన పాస్ చేసేశాడు.

ఆవిడ రిటైరయ్యేసరికి కొడుకు అమర్‌నాథ్‌కి నిమ్‌పురా షెడ్డులో ఉద్యోగం ఉంది. ట్రాఫిక్ కాలనీలో వాళ్లుండే క్వార్టరు అతని పేరునే ఉంది. అతను ఉత్తముడు, నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరి వాటా తల్లే మాట్లాడేస్తుంది. క్వార్టరు వెనక పెరట్లో ఓ రేకుల షెడ్డు వేసుకుని, చిట్టెమ్మ కాలిపోయిన ఫేన్లు, మిక్సీలు, నీళ్ల మోటార్లు చుట్టడం మొదలుపెట్టింది. ఫేను పాడైతే కొత్తది కొనుక్కునే రోజులివి, ఈ ముసల్దాని దగ్గరికి ఎవడొస్తాడు అని నేననుకున్నాను. ఖరగ్‌పూర్ ఎండలు అలా అనుకోలేదు.

ఫేన్ల వెనకే పిల్లలొచ్చారు. మొదట వచ్చింది ప్రశాంతి, నిమ్‌పురా పిల్ల. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చుని ఉండేది. “చిట్టెమ్మత్తా, నాకేదైనా పనిప్పించవా?” అని అడిగింది.

“పనేటే? నానేటి రైల్వేనా, నీకు ఉజ్జోగం ఇవ్వడానికి?” అని కసిరింది చిట్టెమ్మ. “కూకో. నేర్సుకో. ఏడాది. ఆ మీద తన్ని తగిలేస్తాను. సొంతంగా బోర్డెట్టుకోవాల. నా కాడే ఉండిపోతానంటే మాత్రం కాళ్లిరగ్గొడతాను.”

అదీ ఆవిడ షరతు. జీతం లేదు, ఫీజు లేదు, సర్టిఫికెట్టు అసలే లేదు. ఏడాదయ్యాక ఉండటానికి వీల్లేదు.

వచ్చిన పిల్లలందరికీ ఒకటే రోగం. మా రైల్వే ఊరి రోగం. ఏం చెయ్యాలన్నా పైవాడి సేంక్షన్ కావాలి. తాత దగ్గర్నుంచి తండ్రి దాకా ‘సార్, చెయ్యమంటారా?’ అని బతికిన ఇళ్లు. ఆ పిల్లలు కటింగ్ ప్లేయరు పట్టుకుని “అత్తా, ఈ తీగ కొయ్యమంటావా?” అని అడిగేవారు.

“ఓలమ్మ ఓలమ్మ! నన్నడుగుతావేటే? నాను నీ ఫోర్‌మన్నా? కొయ్యి! తప్పైతే కాలిపోద్ది. కాలిపోతే మళ్లీ సుట్టు. పెపంచం మునిగిపోదు!”

ఏడాది తరవాత ప్రశాంతిని నిజంగానే తరిమేసింది. ఆ పిల్ల నిమ్‌పురాలో చిన్న కొట్టు పెట్టుకుంది. పెట్టిన నెలకి, మేనత్త కూతురి పెళ్లికని సెలవు చీటీ రాసుకుని చిట్టెమ్మ దగ్గరికి వచ్చింది. సొంత కొట్టుకి సెలవు చీటీ! చిట్టెమ్మ ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, అదేమిటో తెలుసుకుని, పావుగంట సేపు తిట్టింది. “ఈ కాయితం రాసిచ్చిన సచ్చినోడెవడే?” అని కూడా అడిగిందట. రాసిచ్చింది నేనే. మార్జిన్ తీసి, ట్యాగు కట్టి మరీ ఇచ్చాను. సెలవు మంజూరు చేసే అధికారి ఎవరన్న ప్రశ్న నాకప్పుడు తట్టలేదు.

తరిమేసే ముందు ఆవిడ కూడా ఓ ట్రేడ్ టెస్టు పెట్టేది. ఓ ఫేను ముందు పడేసి, “దీనికేటయినాదో సెప్పు” అనేది. దానికేమీ అయ్యుండదు. శుభ్రంగా తిరిగే ఫేను. పిల్ల దాన్ని విప్పి, తీగలు కోసి, మళ్లీ చుట్టడం మొదలుపెట్టిందా, టెస్టు పోయినట్టే. “పాడైన ఫేను బాగుసెయ్యడం ఎదవకైనా ఒచ్చు. బాగున్న ఫేనుని బాగునాదని సెప్పి తిప్పి పంపడానికి దమ్ము కావాల” అనేది. ప్రశాంతి మొదటిసారి తప్పింది. మీనాకుమారి అనే పిల్ల రెండుసార్లు తప్పి, ఏడ్చి, మూడోసారి పాసై గోల్‌బజార్ పక్కన కొట్టు పెట్టింది.

ఇవన్నీ నేను వేడుకగా వింటూ ఉండేవాణ్ణి. పక్కింటి కొంప కాలితే వెచ్చగానే ఉంటుంది. మన కొంపకి అంటుకున్నప్పుడు తెలుస్తుంది.

మా శ్రీవిద్య ఫిజిక్సులో డిగ్రీ పాసైంది. రైల్వే పరీక్ష రెండుసార్లు రాసింది, రెండుసార్లూ పోయింది. మూడోసారికి కోచింగ్‌లో చేర్పించాను. ఆ వేసవిలో మా మిక్సీ కాలిపోయింది. కోటేశ్వరి దాన్ని సంచిలో పెట్టి, చిట్టెమ్మకి ఇచ్చి రమ్మని పిల్లని పంపింది. మా ఇల్లు ఖరిదాలో, షెడ్డు ట్రాఫిక్‌లో. అరగంట పని. పిల్ల మూడు గంటల తరవాత ముక్కు మీద మసితో వచ్చింది. ఆ రాత్రి మిక్సీ బ్రహ్మాండంగా తిరిగింది. అంతవరకే నాకు తెలుసు.

అయిదు నెలలయ్యాక బజార్లో కోచింగ్ సెంటర్ ఆయన ఎదురుపడి, “మీ అమ్మాయి మానేసిందేం సార్? బాగా చదివేది” అన్నాడు. నేరుగా ట్రాఫిక్‌కి నడిచాను. చిట్టెమ్మ పెరటి గోడ మీంచి తొంగి చూశాను. అరవయ్యేళ్లు దాటిన వాణ్ణి, ఇటుక మీద ఇటుక పెట్టి దాని మీదెక్కి మరీ.

మా శ్రీవిద్య నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, ఫేను పొట్టలోంచి కాలిన రాగితీగ పీకుతోంది. జడ ముడేసి పైకి కట్టింది. ఓ భారీ బెంగాలీ పెద్దమనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. “దాదా, మీ మోటారు బాగానే ఉంది. మీ ఇంటి స్విచ్చే పాడైంది. ఇది తీసుకుపోండి” అని బెంగాలీలో చెబుతోంది. ఆయన “ఠీక్ ఆఛే, దీదీ” అని మోటారు భుజాన వేసుకున్నాడు. ఏడాది కాకపోయినా చిట్టెమ్మ తల ఎత్తకుండా “పాసు” అంది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. శ్రీవిద్య నవ్వింది. ఆ నవ్వు మా ఇంట్లో ఎప్పుడూ నవ్వలేదు. నాకు ఒళ్లు మండింది.

అక్కడే కేకలేయొచ్చు. కానీ మా వంశంలో ఎవరూ కేకలెయ్యరు. అర్జీ పెడతాం.

ఇంటికొచ్చి ఆకాశరామన్న ఉత్తరం రాశాను. క్వార్టర్లు చూసే ఆఫీసుకి, ఇంగ్లీషులో. దస్తూరీ తెలియకూడదని ఎడమచేత్తో, పెద్దక్షరాల్లో రాశాను. పీతలు నడిచినట్టు వచ్చాయి. ఒకటో పేరా: రైల్వే క్వార్టరులో వ్యాపారం సాగుతున్నది. రెండో పేరా: అనుమతి లేని రేకుల షెడ్డు. మూడో పేరా: వార్నిష్ డబ్బాలు, అగ్నిప్రమాదానికి అవకాశం. నాలుగో పేరా: గౌరవనీయ కుటుంబాల ఆడపిల్లలను చదువురాని మనిషి ఒకతె తప్పుదోవ పట్టిస్తున్నది. పేరు పెట్టని ఉత్తరాలు చెత్తబుట్టలోకి పోతాయని నాకు తెలుసు. అందుకని వచ్చి చూస్తే రుజువయ్యే విషయాలే రాశాను. తప్పించుకోవడానికి చీమంత సందు కూడా వదల్లేదు.

ఇక్కడే నా చదువు నన్ను నిలువునా ముంచింది. కింద, అలవాటు కొద్దీ, ‘ప్రతి: సంబంధిత ఉద్యోగి అమర్‌నాథ్‌కు, సమాచార నిమిత్తం’ అని రాశాను. రాశాక ప్రతి పంపకపోతే కరస్పాండెన్సు పూర్తి కాదు కదా! మరో కాగితం మీద అంతా మళ్లీ ఎడమచేత్తో రాసి, రెండింటికీ ట్యాగులు కట్టి, రెండు కవర్లూ పోస్టు డబ్బాలో వేశాను. ఆకాశరామన్న ఉత్తరం రాసి, ఎవరి మీద రాశానో వాళ్లకే కాపీ పంపిన వెధవని ఈ దేశంలో నేనొక్కణ్ణే అనుకుంటాను. సగం దారిలో గుర్తొచ్చి నడిరోడ్డు మీద నిలబడిపోయాను. పోనీలే, ఎడమచెయ్యి కదా, ఎవరు కనిపెడతారు అని ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

మూడు వారాలు గడిచాయి. శ్రీవిద్య మామూలుగానే ఉంది. కాఫీ ఇచ్చేది, కోచింగ్‌కని చెప్పి వెళ్లేది, వచ్చేది. నాతో కాస్త తక్కువ మాట్లాడుతున్నట్టు అనిపించింది. ఆడపిల్లలు అంతే కదా అనుకున్నాను.

ఓ ఆదివారం పొద్దున్నే గేటు చప్పుడైంది. చిట్టెమ్మ.

“బాబూ, ఉన్నారేటి?”

ఎప్పుడొచ్చినా మెట్ల మీద కూర్చునే మనిషి, ఆ రోజు నేరుగా నా ముందుగదిలోకి వచ్చి నా బల్లకి ఎదురు కుర్చీలో కూర్చుంది. ఆ గది గురించి చెప్పాలి. వీధి వైపు తలుపు, పెద్ద కిటికీ, నాలుగు గోడలకీ నా పాత కాగితాల కట్టలు. అందులోకి ఇంట్లోవాళ్లని కూడా రానిచ్చేవాణ్ణి కాదు.

“ఎవుడో ఆకాశరామన్న రాసినాడు బాబూ. అమర్‌నాథుకి నోటీసొచ్చినాది. ఏడు రోజుల్లో జవాబు ఇవ్వాలట. ఆ మీద ఇనిస్పెట్రు వొచ్చి సూస్తాడట. జవాబు సరిగ్గా నేకపోతే క్వార్టరు పోద్ది. షెడ్డు పోద్ది. ఆరుగురు పిల్లగుంటలు ఈదిన పడతారు. కరగ్‌పూర్లో తవురి కన్నా బాగా రాసీవోడు లేడు. రాయండి.”

నోటీసు బల్ల మీద పెట్టింది. దాని పక్కనే ఎడమచేతి పీతలున్న కాగితం, ఆకుపచ్చ ట్యాగుతో సహా.

“ఎవుడో గానీ గట్టోడే బాబూ” అంది.

“అవును, డ్రాఫ్టు బాగుంది” అనేశాను. నా నోరు కాలా! అని వెంటనే నాలుక కొరుక్కున్నాను. చిట్టెమ్మ సీలింగ్ ఫేను వంక చూస్తూ కూర్చుంది.

కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఇవన్నీ అబద్ధాలు అని ఒక జవాబు రాశాను. ఇన్‌స్పెక్టరు వస్తే పెరట్లో పదహారు ఫేన్లు కనిపిస్తాయి. చింపేశాను. దయ చూపమని ఇంకోటి రాశాను. దయ అడిగితే తప్పు ఒప్పుకున్నట్టే, ముప్ఫయ్యారేళ్లు నేను చూసింది అదే. అదీ చింపేశాను. నా అర్జీకి నేనే జవాబు రాయలేకపోతున్నాను. భయం కంటే ముందు నాకు సిగ్గుతో కలిసిన గర్వం వచ్చింది, అబద్ధమెందుకు.

చిట్టెమ్మ అంతసేపు నోరు మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అది భరించలేక నేనే విరుచుకుపడ్డాను.

“అసలు ఈ పిల్లలకి ఈ గొడవంతా ఎందుకు చిట్టెమ్మా? బుద్ధిగా పరీక్షలు రాసుకోక! మా అమ్మాయినే చూడు. కోచింగ్ మానేసింది. దాని బతుకేమైపోవాలి?”

“తవురి పిల్లకేటయినాది బాబూ?” అంది. గొంతు పెంచలేదు. “సుబ్బరంగా తిరుగుతున్న ఫేను అది. బాగున్న ఫేనుని ఇప్పీసి, తీగ కోసీసి, మళ్లీ సుట్టాలని తవురికి ఎందుకు?”

లోపల గుమ్మం దగ్గర కోటేశ్వరి నిలబడి ఉంది. దానికి అన్నీ ముందే తెలుసని ఆ నిలబడటంలోనే అర్థమైంది. నేను కలం మళ్లీ తీశాను.

సందు ఒక్కటే ఉంది. ‘సదరు పని ప్రస్తుతం క్వార్టరులో జరగడం లేదు’ అని రాయాలి, అది నిజం కావాలి. షెడ్డు విప్పేయాలి, పని వేరే చోటికి పోవాలి. ఎక్కడికి? ఆ చోటు రాయకపోతే జవాబు నిలవదు. చిరునామా లేని జవాబు జవాబే కాదని నా కింద పనిచేసిన ప్రతి గుమాస్తానీ తిట్టినవాణ్ణి నేనే. ‘ఈ పని ఇకపై...’ అని రాసి కలం ఆపాను. కళ్లెత్తి గది చూశాను. వీధి వైపు తలుపు. పెద్ద కిటికీ.

రాశాను. ‘...ఖరిదాలో శ్రీ పరబ్రహ్మం గారి స్వగృహం ముందుగదిలో జరుగును.’ రాసింది నా కుడిచెయ్యే. డ్రాఫ్టు అంతగా కుదిరాక చెడగొట్టడానికి ఆ చెయ్యి ఒప్పుకోలేదు. ఇంటి యజమానిగా సమ్మతిపత్రం ఇంకోటి రాసి సంతకం పెట్టాను. అంతా చిట్టెమ్మకి తెలుగులో చదివి వినిపించాను.

“ఏ గది?” అంది.

“ఇదే.”

“మరి ఈ కాయితాలో?”

“అటక మీదికి” అన్నాను.

చిట్టెమ్మ లేచింది. నోటీసు తీసుకుంది. నా ఎడమచేతి ఉత్తరం కూడా జాగ్రత్తగా మడిచి కొంగున కట్టుకుంది. “ఇది ఆ గుంటది. తిరిగి ఇచ్చీమన్నాది” అంది.

“ఏ గుంట?”

“ఇంగ్లీసు నాకేటి తెలుసు బాబూ? మూడు వారాల కిందట పోస్టులో వొచ్చినాది. అమర్‌నాథు డూటీకి ఎల్లిపోనాడు. సదివి సెప్పమని తవురి పిల్లకే ఇచ్చినాను. అందరి ముందరా సదివినాది. మూడు ముక్కలు గలగలా సదివీసినాది. నాలుగో ముక్క కాడికొచ్చి ఆగిపోనాది. ‘ఏటే, నోరు పడిపోనాదా?’ అన్నాను. అప్పుడు సదివినాది. ఆడపిల్లల్ని సదువురాని మనిసి సెడగొడతన్నాదనీసి. సదివీసి, ఆ పచ్చ తాడు అలాగ సూసుకుంటా కూకున్నాది.”

నేను బల్ల పట్టుకున్నాను.

“‘ఎవుడే రాసినాడు?’ అన్నాను. ‘మా నాన్న ఇంగ్లీషులో ఒక్క తప్పుండదు చిట్టెమ్మగారూ’ అన్నాది. అంతే. నిన్న నోటీసొచ్చినాక అదే అన్నాది, ‘దీనికి జవాబు రాయగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు, ఆయన దగ్గరికే వెళ్లండి, ఆయన రాస్తారు’ అని. నాను రాయడన్నాను. అది రాస్తారన్నాది. గుంటే గెలిసినాది.”

మూడు వారాలు. మూడు వారాలు ఆ పిల్ల నాకు కాఫీ ఇచ్చింది. నేను రాసిన ఆ నాలుగో పేరాని తన నోటితో, తన తోటి పిల్లల ముందు చదివి, ఇంటికొచ్చి నాకు కాఫీ ఇచ్చింది. నాకు ఏడుపొచ్చింది. అరవయ్యేళ్లు దాటినవాడు ఏడిస్తే ముక్కు ముందు కారుతుంది, అది చూసి కోటేశ్వరి తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

చిట్టెమ్మ గేటు దాకా వెళ్లాక పిలిచి ఆపాను. జవాబు వెనక్కి తీసుకుని, అన్నిటికన్నా కింద కుడిచేత్తో ఇంకో వరస రాశాను. ‘ప్రతి: కుమారి శ్రీవిద్యకు, యజమానురాలు, మోటారు వైండింగ్ వర్క్స్, ఖరిదా.’

“ఏటి రాసినారు?” అంది చిట్టెమ్మ.

చెప్పాను.

“సేంక్షనా?” అంది.

“కాదు. సమాచార నిమిత్తం” అన్నాను.

ఖరిదా వీధి వీధంతా వినబడేలా నవ్వింది ఆ రాకాసి.

ఆరో రోజుకి షెడ్డు రేకులు విప్పేశారు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తే పెరట్లో బచ్చలి పాదు తప్ప ఏమీ లేదట. అంతటితో ఆ కాగితం కథ ముగిసింది. చిట్టెమ్మ ఇప్పటికీ రోజూ ట్రాఫిక్ నుంచి రిక్షాలో వచ్చి, మా ముందుగదిలో కూర్చుని, మా వంశమంతా కలిసి వెయ్యని కేకలు ఒక్కపూటలో వేసి వెళుతుంది. శ్రీవిద్య దగ్గర ఇప్పుడు ఇద్దరు పిల్లలు నేర్చుకుంటున్నారు. ఏడాదయ్యాక వాళ్లనీ తరిమేస్తుంది. మూలన ఓ చిన్న బల్ల మాత్రం నాకు ఉంచింది. ప్రశాంతి సొంత కొట్టుకి సెలవు చీటీ అడిగితే రాయకూడదన్న షరతు మీద.

సామాన్లు తెచ్చిన మొదటి రోజు జరిగింది చెప్పి ముగిస్తాను. చిట్టెమ్మ గదిలోకి వస్తూనే నా సీలింగ్ ఫేను దించమంది. పదేళ్లుగా అది మూలుగుతూనే ఉంది, నాకు అలవాటైపోయింది. శ్రీవిద్య దాన్ని విప్పి బల్బు పెట్టి చూసింది. “ఇది నిజంగానే కాలింది” అంది. కాలిన తీగ పీకి, కొత్తది చుట్టడం మొదలుపెట్టింది. నేను మూలన కూర్చుని చూస్తున్నాను. ఉత్తరం మాట మేమిద్దరం అప్పటిదాకా ఎత్తలేదు. ఎలా ఎత్తాలో నాకు తెలియలేదు. దానికి డ్రాఫ్టు కుదరలేదు.

చుట్టడం అయ్యాక తీగలన్నీ కలిపి కట్టడానికి దారం కావాల్సొచ్చింది. దారం కండె ఎక్కడో సామాన్లలో ఉండిపోయింది. శ్రీవిద్య తన సంచిలోంచి ఓ కాగితం తీసింది. ఎడమచేతి పీతలు. పై మూల నుంచి ఆకుపచ్చ ట్యాగు మెల్లగా లాగి, కాగితం నా చేతికిచ్చింది. కటింగ్ ప్లేయరు తీసుకుని ట్యాగు కొసల ఇనప మొనలు రెండూ కత్తిరించింది.

“ఇవుంటే షార్టవుతుంది నాన్నా” అంది.

ఆ మెత్తటి తాడుతో తీగల్ని గట్టిగా కట్టి, మూడు ముళ్లేసి, వార్నిష్ పూసి ఎండలో పెట్టింది. మర్నాడు పైకి బిగించింది. ఆ ఫేను కిందే కూర్చుని ఇది రాస్తున్నాను. అది చప్పుడు చెయ్యడం లేదు.